లిండాల్ యార్డుకు తాళం

లిండాల్, నార్త్ డకోటా
2006 మార్చి, ఇంకా మంచే

ఒరేయ్ గేలెన్,

నువ్వు బతికే ఉన్నావని పేపర్లో చూసి తెలుసుకున్నాను. ఫార్గో పేపరు మూడో పేజీలో మీ చట్టసభ కమిటీ అధ్యక్షుడి భుజం వెనక సగం మొహం, ఒక చెవి కనిపించాయి. ఆ చెవి మన ఇంటిదే. లవోన్‌కి చూపిస్తే, "అయ్యో, మీ తమ్ముడు ఎంత చిక్కిపోయాడే! అక్కడ తిండి పెట్టరా ఏంటి?" అంది. చెవి చూసి మనిషి చిక్కాడని చెప్పగలిగే మనిషిని నా ఆఫీసు కౌంటరు దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అదీ నా అదృష్టం.

ఫోను చేయొచ్చు కదా అంటావు. నీతో ఫోనులో మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు "గేలెన్, ఓటింగు!" అని కేకేస్తారు. నువ్వు "సరే అక్కా, సరే అక్కా" అంటావు. నేను చెప్పింది ఒక్క ముక్క నీ బుర్రకెక్కదు. ఉత్తరమైతే ఓటింగు అయ్యాకైనా చదువుతావు.

సహకార సంఘం డబ్బుతో మన అమోనియా ట్యాంకుకు తెల్లరంగు వేయించాను. నా వంటింటి కిటికీలోంచి చూస్తే రోడ్డుకవతల ఏదో రాక్షసబాతు గుడ్డు పెట్టి మర్చిపోయినట్టుంది. విత్తనాల కాలం ఇంకో నెలలో మొదలవుతుంది. ఎప్పటిలాగే రైతులు తెల్లవారకముందే వస్తారు, షెడ్డులో కాఫీ పోసుకుంటారు, ఎరువుకు కావలసిన అమోనియా తమ చక్రాల ట్యాంకుల్లో తామే నింపుకుని, పలక మీద పేరు గీకి పోతారు. నేను జుట్టు దువ్వుకునేసరికి సగం వ్యాపారం అయిపోతుంది. నాన్న మేనేజరుగా ఉన్నప్పుడూ ఇంతే, నేనొచ్చాకా ఇంతే.

తాళం లేదని కాదు. మత్తుమందు వండే వెధవలు డబ్బాలు పట్టుకొచ్చి, గొట్టం విప్పి అమోనియా పట్టుకుపోతున్నారని ఇంత లావు తాళం వేయించాను. తాళంచెవి షెడ్డులో క్యాలెండరు వెనక మేకుకి వేలాడుతుంటుంది, మరి రైతులకు కావాలి కదా. షెడ్డుకు మాత్రం తాళం వేయం. కాఫీ అందులోనే ఉంది.

ఇక అసలు సంగతి. మా సంఘం అధ్యక్షుడు వెర్లిన్ నిన్న పేపరు ఊపుకుంటూ వచ్చాడు. ఆయన నోట ఏడాదికి పది మాటలు వస్తే గొప్ప. అన్నీ నిన్ననే వాడేశాడు.

"ఇదిగో ఆర్డిస్, మీవాడి నిర్వాకం చూశావా? రసాయనాలున్న ప్రతిచోటా టెర్రరిస్టులు దూరకుండా చట్టం తెస్తారట. కంచె కట్టాలట, కెమెరాలు పెట్టాలట, వచ్చేవాణ్ణి పోయేవాణ్ణి నువ్వెవరివని అడగాలట. ఎవర్ని అడగాలి? నా బామ్మర్దినా? ఆ చట్టం మన నెత్తిన పడిందా, ఈ ఎరువుల యార్డు మూసేద్దాం. కావలసినవాళ్ళు గ్రాంట్‌బర్గ్ పోయి తెచ్చుకుంటారు."

ఆయన ఊరికే అనడు. సంఘంలో తొమ్మిదిమంది డైరెక్టర్లలో సగంమంది ఆయన తుమ్మితే తుమ్ముతారు. గ్రాంట్‌బర్గ్ పోయిరావడమంటే ఒక పూట హుళక్కి. విత్తే రోజుల్లో పూట పోతే పంట పోయినట్టే. పెద్ద రైతులు ఎలాగో నెట్టుకొస్తారు, చిన్నవాళ్ళు చేలు కౌలుకిచ్చి ఊరొదిలి పోతారు. నా ఉద్యోగం సంగతి అలా ఉంచు, లవోన్‌ని ఎవరు భరిస్తారు?

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, న్యూయార్క్‌లో ఆ టవర్లు కూలిన ఇన్నేళ్ళకు మీకు మా ట్యాంకు గుర్తొచ్చిందా? టెర్రరిస్టు లిండాల్ రావాలంటే ముందు లిండాల్ ఎక్కడుందో తెలియాలి. కిందటి క్రిస్మస్‌కి నువ్వు పంపిన పార్సిలు మిన్నెసోటా అంతా చుట్టి వచ్చింది. ఆ చట్టంలో ఎక్కడో ఒకచోట ఒక్క వాక్యం ఇరికించు, చిన్న ఊళ్ళ యార్డులకు ఇది వర్తించదని. నీకు ట్రక్కు నడపడం నేర్పిన అక్కను, నువ్వు డెయిరీ గోడకు గుద్దినా నాన్నతో చెప్పని అక్కను అడుగుతున్నాను.

మీ అక్క,
ఆర్డిస్


వాషింగ్టన్
2006 ఏప్రిల్

అక్కా,

ఆ చెవి నాదే. ఫొటోలో మిగతా నేను కమిటీ అధ్యక్షుడి వెనక ఉన్నాను, ఉద్యోగం మొత్తం అక్కడే కదా.

ఇక్కడ చెర్రీ చెట్లు పూశాయి. పూలు చూడ్డానికి వచ్చినవాళ్ళు సగం, మా కారిడార్లో నిలబడడానికి వచ్చినవాళ్ళు సగం. ఈ చట్టం మాట బయటికి పొక్కిన దగ్గర్నుంచి మంచి సూట్లు వేసుకున్న మనుషులు తెల్లారితే చాలు, తలుపు దగ్గర హాజరు. ఒకాయన ఈతకొలను క్లోరిన్ తరఫున వచ్చాడు. ఒకావిడ సబ్బుల కంపెనీ తరఫున వచ్చి, మా ఫ్యాక్టరీ పేలితే నురగ తప్ప ఏమీ రాదంది. అందరిదీ ఒకటే పాట: "చట్టం చాలా అవసరమండీ, రావలసిందే. మాకు తప్ప." పక్కింటివాడికి పథ్యం చెప్పడంలో ఈ దేశాన్ని మించింది లేదు. నువ్వూ ఆ వరసలో నిలబడ్డావంటే ఏమనుకోను? కనీసం వాళ్ళు భోజనం పెట్టిస్తారు.

నేను పొద్దున తొమ్మిదింటికి ఒక పేరా రాస్తాను. మధ్యాహ్నానికి నలుగురు లాయర్లు దాన్ని నలిపేస్తారు. సాయంత్రం అధ్యక్షుడు వచ్చి, "గేలెన్, మొదట రాసిందే బాగుందోయ్" అంటాడు. ఇలా ఏడాదిగా కాపురం చేస్తున్నాం.

నీ వాక్యం గురించి ఇప్పుడే మాట ఇవ్వలేను. ఏ చోట ఎంత సరుకుంటే చట్టం వర్తిస్తుందన్నది ఒక సంఖ్య మీద ఆధారపడుతుంది. ఆ సంఖ్య ఇంకా తేలలేదు. మీ పెద్ద ట్యాంకులో ఎంత పడుతుంది? నిండా నింపుతారా? తాళంచెవి నిజంగా ఇంకా ఆ క్యాలెండరు వెనకే ఉందా? ఊరికే అడుగుతున్నాను.

వెర్లిన్‌తో చెప్పు, ఆయన బామ్మర్దిని మాత్రం తప్పకుండా అడగాలి, నువ్వెవరివని. చిన్నప్పటి నుంచీ నాకూ ఆ అనుమానం ఉంది.

గేలెన్


లిండాల్
2006 మే ఆఖరు

ఒరేయ్ తమ్ముడూ,

విత్తనాలు పూర్తయ్యాయి. వాన సరిగ్గా పడింది. వెర్లిన్‌ని ఎలా ఉందని అడిగితే "మరీ అంత చెడ్డగా లేదు" అన్నాడు. అంటే ఈ పదేళ్ళలో ఇంత మంచి అదను లేదని అర్థం.

ట్యాంకు నిండితే ముప్ఫై వేల గ్యాలన్లు. విత్తే రోజుల్లో నింపుతాం, లేకపోతే గీరుకోవాలి. తాళంచెవి ఎక్కడికీ పోలేదు, నీకెందుకు అంత బెంగ?

ఓరిన్ పెద్దాయన పోయాడు, పేపరు చదువుతూ కుర్చీలోనే. తొంభై దాటాయి, ఏడవడానికేం లేదు, తినడానికి మాత్రం చాలా ఉంది. మంచు కరిగి వచ్చిన వరద నీళ్ళు చర్చి సెల్లారులోంచి ఇంకా పోలేదు. అందుకని సమాధి దగ్గర్నుంచి అందరూ మన యార్డుకే వచ్చారు. ట్రాక్టర్లు బయటికి తోలి షెడ్డులో బల్లలు వేశాం. ఇళ్ళ నుంచి ఓవెన్‌లో కాల్చి తెచ్చిన హాట్‌డిష్‌లే పదిహేను వచ్చాయి. అందులో సగం ఒకటే రకం, బంగాళదుంప ముక్కలు పైన పేర్చి, కింద మాంసం, పుట్టగొడుగుల సూపు. ఎవరిది బాగుందంటే వాళ్ళతో తగువు, కాబట్టి అందరూ అన్నీ తిన్నారు.

అక్కడొక తమాషా జరిగింది. టై కట్టుకున్న ఒకాయన మూతపెట్టిన గిన్నె పట్టుకుని వచ్చాడు. లవోన్ గిన్నె అందుకుంది, "మంచివాళ్ళు తొందరగా పోతారు" అంది. తొంభై దాటినవాడి గురించి. ఆయన "అవునండీ" అన్నాడు. ఓరిన్ వాళ్ళ భార్య తరఫు చుట్టమనుకున్నాం, వాళ్ళు విస్కాన్సిన్‌లో ఉంటారు, ఎలాంటివాళ్ళయినా అయ్యుండొచ్చు. తిన్నాడు, రెండోసారి పెట్టించుకున్నాడు, కాళ్ళు సాగదీసుకోవడానికి అన్నట్టు యార్డంతా తిరిగాడు. ట్యాంకు చుట్టూ తిరిగి వాల్వుల దగ్గర వంగి చూస్తుంటే వెర్లిన్ పాపం వెళ్ళి పక్కన నిలబడి, ఏది ఎటు తిప్పాలో చూపించాడట. "మనిషి ఆసక్తిగా అడిగాడు, చెప్పకపోతే మర్యాదా?" అంటాడు.

అంతా అయ్యాక గిన్నెలు కడిగేటప్పుడు మొదలైంది గొడవ. మన ఊళ్ళో ఎవరి గిన్నె అడుగున వాళ్ళ పేరు రాసిన పట్టీ అంటించి ఉంటుంది కదా, ఏ ఇంటి గిన్నె ఆ ఇంటికి చేరాలని. ఈయన గిన్నె అడుగున ఏమీ లేదు! ఖాళీ! పైగా లవోన్ అందులో మిగిలిన బంగాళదుంప సలాడ్ రుచి చూసి, చెంచా కింద పెట్టి, "ఏమే ఆర్డిస్, ఇది కొట్లో కొన్నది" అంది. చావింటికి కొన్న సలాడ్ సొంత గిన్నెలోకి వంచి తెస్తాడా మనిషన్నవాడు? ఓరిన్ బతికుంటే లేచి వెళ్ళిపోయేవాడు.

అప్పట్నుంచి లవోన్‌కి నిద్ర లేదు. గిన్నె సొంతదారు చేతిలో పెట్టేదాకా ఊరుకోదట. విస్కాన్సిన్‌కి ఫోన్లు చేస్తోంది. ఆ ఫోను బిల్లు సంఘం నెత్తినే.

నీ సంఖ్య సంగతేమైంది? వెర్లిన్ వారానికోసారి అడుగుతున్నాడు.

అక్క


వాషింగ్టన్
2006 జూన్

అక్కా,

ఎండ మండిపోతోంది. పని ఎక్కువ. ఓరిన్ పెద్దాయన గురించి బాధపడ్డాను, నాకు పావురాన్ని పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ఆ గిన్నె సంగతి లవోన్‌ని వదిలేయమను. పోతే పోయింది, గిన్నేగా. ఎవరో దారిన పోయేవాడు ఆకలేసి వచ్చుంటాడు. పారేయమను.

సంఖ్య ఇంకా తేలలేదు.

గేలెన్


లిండాల్
2006 జూలై

గౌరవనీయులైన కమిటీ ఉద్యోగి శ్రీ గేలెన్ గారికి,

లిండాల్ రైతు సహకార సంఘం మేనేజరు నమస్కరించి రాయునది.

పది పేజీలు రాసే తమ్ముడు పది ముక్కలు రాశాడంటే దేన్నో నమలలేక మింగాడని నాకు తెలియదా? పైగా గిన్నె పారేయమంటాడు! మన అమ్మ కడుపున పుట్టినవాడెవడైనా ఇంకొకరి గిన్నె పారేయమంటాడా? అప్పుడే అనుకున్నాను.

లవోన్ గిన్నె సొంతదారును పట్టేసింది. విస్కాన్సిన్ కాదు. గ్రాంట్‌బర్గ్ మోటెల్ వంటగది. అక్కడ డెస్కు మీద కూర్చునేది లవోన్ మేనకోడలి అత్తగారు. ఆవిడ గిన్నెను చూడగానే గుర్తుపట్టి మొత్తం చెప్పేసింది. మనిషి పేరు ప్రెంటిస్, బూడిదరంగు అద్దె కారు, గుడ్లు బాగా ఉడకాలి, రాత్రిళ్ళు వాషింగ్టన్‌కి ఫోను. ప్రభుత్వం మనిషిననీ, ఎరువుల యార్డులు చూస్తూ తిరుగుతున్నాననీ ఆవిడతో చెప్పాడట. టెర్రరిస్టులను పట్టేవాళ్ళు అంత నోరు పారేసుకోకూడదు.

సరే, ప్రభుత్వం మనిషి, యార్డు చూశాడు, పోయాడు అనుకుందును. కానీ వెర్లిన్‌కి ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ మనిషి షెడ్డులోకి రాగానే నేరుగా క్యాలెండరు దగ్గరికి పోయి, కింది అంచు పట్టుకు ఎత్తి, వెనక చూసి, మళ్ళీ దించాడట. "తేదీ చూసుకుంటున్నాడేమో అనుకున్నా" అన్నాడు వెర్లిన్. తేదీ చూసుకోవడానికి ఎవడైనా క్యాలెండరు వెనక చూస్తాడా?

ఆ మేకు నాన్న కొట్టింది. దాని సంగతి మా సభ్యులకు తెలుసు. మా సభ్యుల్లో వాషింగ్టన్‌కి చెప్పేవాడెవడూ లేడు. వాళ్ళు పెళ్ళాలకే ఏమీ చెప్పరు. ఇక తెలిసినవాడు ఒక్కడే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, లవోన్ మాత్రం ఒక గిన్నెతో పట్టేసింది.

నువ్వు పంపావా అతన్ని? అవునో కాదో రాయి. మిగతా కబుర్లు వద్దు.

మీ వాళ్ళ నివేదికలో ఏం రాశారో ఏమో, "ఒక ఉత్తరాది యార్డులో అపరిచితుడికి వాల్వులు ఎలా తిప్పాలో దగ్గరుండి నేర్పారు" అని పేపర్లో వచ్చింది. ఊరి పేరు లేదు. కానీ వెర్లిన్ తనను తాను గుర్తుపట్టాడు. అరవై ఏళ్ళ మనిషి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ రోజు నుంచీ మూసేద్దాం అన్న మాట తప్ప ఆయన నోట ఇంకో మాట లేదు. డైరెక్టర్లు ఆయన వెనకే ఉన్నారు. పంట ఇంటికి చేరాక ఓటు పెడతారు.

ఇట్లు,
మేనేజరు


వాషింగ్టన్
2006 జూలై

అక్కా,

అవును.

కబుర్లు వద్దన్నావు, కానీ ఇవి కబుర్లు కావు. యార్డులు ఎలా ఉన్నాయో వెళ్ళి చూసి రమ్మని ప్రెంటిస్‌ను పంపింది కమిటీ. ఎక్కడెక్కడికి పోవాలని అడిగితే లిండాల్ పేరు చెప్పింది నేను. క్యాలెండరు సంగతి చెప్పింది నేను. "ఊరికే వెళ్తే ఎవరని అడుగుతారు. అక్కడ చావు భోజనమేదైనా పడితే మూత పెట్టిన గిన్నె పట్టుకుని వెళ్ళు, ఎవరూ అడగరు" అని చెప్పిందీ నేనే. కొన్న సలాడ్ పట్టుకుపోతాడని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

వెర్లిన్ సంగతి పేపరుకెక్కడం నా చేతుల మీదుగా జరగలేదు. అయినా తప్పు నాదే. ఆయనకు వేరే ఉత్తరం రాశాను. చించేస్తే చించేయనీ.

ఎందుకు చేశానో చెప్పనా? పొద్దున్నే నా బల్ల మీదికి కాగితాలు వస్తాయి. ఎక్కడో ఎవడో పట్టుబడ్డాడు, వాడు ఏమి వెతుకుతున్నాడు, ఎవరిని ఏమి అడిగాడు. ఏ మూలో "కాపలా లేని ట్యాంకు" అన్న మాట ఉంటుంది. మిగతావాళ్ళు చదివి పేజీ తిప్పుతారు. నాకు ట్యాంకు కనిపించదక్కా. రోడ్డుకవతల వంటింటి కిటికీ, అందులో కాఫీ కాస్తున్న నువ్వు కనిపిస్తావు. ఎవడైనా వాల్వు విప్పితే అమోనియా పొగలా పైకి పోదు. చల్లగా నేల పట్టుకుని పాకుతుంది, పీల్చినవాడు బతకడు. నీ ఇల్లు ముందు, ఆ తర్వాత బడి. ఈ సంగతి నాకన్నా నీకు బాగా తెలుసు, నాకు నేర్పిందే నువ్వు.

నీతో మామూలుగా చెప్తే నవ్వుతావు. తాళం వేసి తాళంచెవి పక్కనే వేలాడదీశావంటే నవ్వావు. గేటు లేదంటే, గాలికి గేటెందుకురా అన్నావు. ఎవరో ఒకడు నిజంగా లోపలికొచ్చి చూపిస్తే తప్ప నువ్వు నమ్మవనుకున్నాను. భయమేసింది, అంతే. భయంతో తెలివితక్కువ పని చేశాను.

కానీ చట్టం తెలివితక్కువది కాదు. ఆ మాట వెనక్కి తీసుకోను.

గేలెన్


వాషింగ్టన్
2006 అక్టోబరు

అక్కా,

మూడు నెలలైంది నువ్వు రాయక. లవోన్ ఒక పోస్టుకార్డు వేసింది, "మీ అక్క బాగానే ఉంది, నువ్వు మాత్రం ఇటు రాకు" అని. చాలా సంతోషించాను, ఎవరో ఒకరు తిట్టారు కదా అని.

చట్టం పాసయింది. బడ్జెట్టు బిల్లు చివర, ఎవరూ చూడని చోట, రైలు చివరి పెట్టెలా తగిలించారు. రావలసిన మాటలు అందులో సగం లేవు, సబ్బులావిడ సంతోషంగా ఉంది. అయినా వచ్చింది. నాకు కేకు కోశారు. తినలేదు.

ఇది నువ్వు పేపర్లో చదవకముందే నేను చెప్పాలి. సంఖ్య చట్టంలో ఉండదు, దాని వెంట వచ్చే నిబంధనల్లో ఉంటుంది. ఆ నిబంధనలు రాసే శాఖవాళ్ళు మమ్మల్ని సలహా అడిగారు. అమోనియాకు రెండు సంఖ్యలు బల్ల మీదికొచ్చాయి. పెద్దది పెడితే లిండాల్ తప్పించుకుంటుంది. చిన్నది పెడితే నీ ట్యాంకు నిండినప్పుడు కాస్తంత మించుతుంది. కమిటీ అధ్యక్షుడు నావైపు తిరిగి, "మీ అక్కగారిది ఇలాంటి యార్డే కదోయ్? ఏది పెట్టమంటావు?" అన్నాడు. పెద్దది అంటే చాలు, ఎవరూ ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు కాదు.

చిన్నదే పెట్టమన్నాను.

నీ యార్డు లోపలే ఉంది. రైతు సంఘాలకు రెండేళ్ళ గడువు, రాత్రీపగలూ మనిషి కాపలా అక్కర్లేదు, కంచె, గేటు, ఎవరు వచ్చారో ఒకరు చూడడం చాలని రాయించాను. ఇంతకన్నా ఏమీ చేయలేకపోయాను. చేయాలనుకోలేదు కూడా.

ఓటు ఏమైనా సరే, రాయి. యార్డు మూసేశాం అని ఒక్క ముక్కయినా సరే.

గేలెన్


లిండాల్
2006 నవంబరు

ఒరేయ్ గేలెన్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ పొయ్యిలో పడేద్దామనుకున్నాను. "చేయాలనుకోలేదు కూడా" అంటావా? ఆ ముక్క రాయకపోతే నీకు పొద్దు గడవదా? అన్ని అబద్ధాల మధ్య ఉద్యోగం చేస్తూ అక్క దగ్గరే నిజాలన్నీ కక్కాలా?

నిన్న ఓటింగు అయింది. మూడు గంటలు కూర్చున్నాం. లవోన్ రెండు పళ్ళేల తీపి బిళ్ళలు చేసుకొచ్చింది, నోళ్ళు నిండి ఉంటే అరవరని. ఉపాయం ఒక అరగంట పనిచేసింది.

మూసేద్దామన్న తీర్మానం ముందు పెట్టారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అన్నాను. మొహాలు చూస్తే అది ఎవరికీ నచ్చలేదుగానీ, గ్రాంట్‌బర్గ్ రోడ్డు తలుచుకుని ఇద్దరు ముగ్గురు మెత్తబడ్డారు. అప్పుడు వెర్లిన్ జేబులోంచి కొత్త ఎత్తు తీశాడు. ఆయన రాత్రంతా దీని మీదే ఉన్నట్టున్నాడు.

"మూయక్కర్లేదు. ట్యాంకు నిండా నింపకుండా కొంచెం వెలితిగా ఉంచుదాం. అప్పుడు వాళ్ళ లెక్క కిందికి వస్తాం. కంచె వద్దు, గేటు వద్దు, వాషింగ్టన్ వద్దు. ఎప్పుడైనా నాలుగు రోజులు నిండా నింపుకున్నా చూసేదెవడు? ఎప్పుడూ నిండా నింపలేదని ఆర్డిస్ ఏడాదికో సంతకం పెడితే సరి."

అందరి మొహాలూ వెలిగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నా మొహమూ వెలిగింది. ఎంత తేలిక! యార్డు ఉంటుంది, లవోన్ ఉంటుంది, పలక ఉంటుంది, నీ మీద కక్ష కూడా తీరుతుంది. నా చేతిలో పెన్ను ఉంది.

అప్పుడు వెర్లిన్ ఇంకొక్క మాట అన్నాడు. అక్కడితో ఆపేసి ఉంటే ఆయనే గెలిచేవాడు.

"అయినా మనమెవరమో తెలియనివాడు రాసిన చట్టం మనకెందుకు?" అన్నాడు.

నాకేమైందో తెలియదు. లేచి నిలబడ్డాను.

"వాడికి మనం తెలుసు వెర్లిన్" అన్నాను. "మనం ఎలాంటివాళ్ళమో వాడికి బాగా తెలుసు. గిన్నె పట్టుకొచ్చినవాడికి కుర్చీ వేస్తామనీ తెలుసు, నువ్వు వాల్వు చూపిస్తావనీ తెలుసు. తెలుసు కాబట్టే రాశాడు. మనం ఎవరో తెలియనివాడైతే మనల్ని వదిలేసేవాడు."

వెర్లిన్ బల్ల మీద చేయి పెట్టి గీతలు గీస్తూ కూర్చున్నాడు. నేను ఆ సంతకం పెట్టనన్నాను. కంచె కడదాం, గేటు పెడదాం, పొద్దున్నే నేను లేచి తెరుస్తాను, అది నచ్చకపోతే నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకోండి అన్నాను. అప్పుడు ఎవరో ఓటు అన్నారు. కంచెకు అయిదు, వద్దన్నవాళ్ళు నాలుగు. వెర్లిన్ వద్దన్నవాళ్ళలోనే ఉన్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "స్తంభాలు నా దగ్గర పాతవి ఉన్నాయి. మరీ అంత చెడ్డగా లేవు" అన్నాడు. నీ ఉత్తరం చించలేదట. జవాబు మాత్రం రాయడట, ఏమి రాయాలో తెలియదట.

కాబట్టి యార్డు ఉంది. వసంతానికల్లా గేటు వస్తుంది. రైతులు సణుగుతారు, నేను సణుగుతాను. నువ్వు రాసిన నిబంధనలో కంచె ఎంత ఎత్తుండాలో మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది, ఎవరు కొలిచారది? సరిచేయించు.

ప్రెంటిస్‌ను పంపినందుకు నిన్ను ఇంకా క్షమించలేదు. ఇంకొన్నాళ్ళు పడుతుంది, నన్ను తొందరపెట్టకు. నాతో ముందు చెప్పి ఉంటే నవ్వేదాన్నే. అయినా చెప్పవలసింది. నేను నవ్వితే నువ్వు మళ్ళీ చెప్పవలసింది.

మీటింగు నుంచి ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. పొద్దున లవోన్ నా కళ్ళు చూసి అడిగితే కోపంతో అని చెప్పాను. కోపం కాదు. అమ్మా నాన్నా పోయాక నా గురించి ఇంతగా భయపడేవాళ్ళు ఎవరైనా ఉన్నారని నేను మర్చిపోయాను, గేలెన్.

మీ అక్క,
ఆర్డిస్